డ్రమ్ములు ఆగిన బుధవారం

2010 ఫిబ్రవరిలో నన్ను ఆరిజోనా రాష్ట్రంలో మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణానికి పంపారు. ఊరి పేరు రాయను. రహస్యాలు బయటపెట్టనని ఉద్యోగంలో చేరిన రోజు చేసిన సంతకం రిటైరైన తర్వాత కూడా చెల్లుతుందని మా ఆఫీసు వాళ్లు వీడ్కోలు సభలో, కేకు కోయడానికి ముందే, గుర్తుచేశారు.

నా చదువు భూభౌతిక శాస్త్రం. హ్యూస్టన్‌లో చాలా ఏళ్లు చమురు కంపెనీలకు పనిచేశాను. నేల మీద చిన్న కుదుపులు పుట్టించి, అవి లోపలి రాతిపొరలకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి అడుగున ఏముందో చెప్పడం మా వృత్తి. చమురు వెతికే చెవితోనే సొరంగాలూ వెతకవచ్చని సైన్యానికి తోచింది. అలా ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున, యూనిఫాం వేసుకోకుండానే, సైనిక ఇంజనీర్ల దళంలో సాంకేతిక సలహాదారునయ్యాను. పీహెచ్‌డీ ఉంది గనక అందరూ డాక్ అని పిలిచేవారు. మొదటి వారంలోనే ఒక సార్జెంటు వచ్చి మోకాలి నొప్పికి మందేమిటని అడిగాడు.

మెక్సికో వైపు నుంచి దొంగసరుకు తేవడానికి తవ్వే సొరంగాల జాడ తీసి, వాటిని పూడ్చేయడం ఆ ఆపరేషన్ ఉద్దేశం. అందులో ఒక మెలిక ఉంది. అమెరికా చట్టం ప్రకారం సైన్యం దేశం లోపల పోలీసు పని చేయకూడదు. సొరంగం ఎక్కడుందో వెతకవచ్చు, బోరు వేసి నిర్ధారించవచ్చు, చివర్లో కాంక్రీటు పోసి మూయవచ్చు. కానీ ఎవరి తలుపూ తట్టకూడదు, ఎవరినీ పట్టుకోకూడదు. అవి సరిహద్దు గస్తీ అధికారుల పనులు. అందుకని మాకు ఒక గస్తీ అధికారిని జతచేశారు. ఆయన భోజనానికి వెళితే, తుపాకులున్న దళమంతా ఒక ఇంటి గేటు బయట ఎండలో నిలబడి ఆయన శాండ్విచ్ ముగిసేదాకా ఎదురుచూసేది.

దళానికి అధిపతి కెప్టెన్ హార్లన్. పొడగరి, ఓపిక తక్కువ మనిషి, కానీ న్యాయం తెలిసినవాడు. పరికరాల డేటా చూసేవాడు శ్రీనివాస్. కరీంనగర్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్‌లో నుంచి సిగ్నల్ ప్రాసెసింగ్‌లోకి వచ్చాడు, పౌరసత్వం వచ్చాక ఈ ఉద్యోగంలో చేరాడు. పరిచయమైన రోజు నన్ను అంకుల్ అన్నాడు. అతని నెత్తి మీదా అరగుండు ఉండటం చూపించి ఆ పిలుపు అన్నా అనేదాకా తగ్గించాను.

మా ప్రధాన ఆయుధం జియోఫోన్. పుట్టగొడుగంత ఉంటుంది, అడుగున మేకు. దాన్ని నేలలో గుచ్చితే నేల వణుకును విద్యుత్తుగా మారుస్తుంది. వరసగా గుచ్చిన జియోఫోన్లకు ఒకే శబ్దం కొద్దికొద్ది తేడాతో చేరుతుంది. ఆ తేడాల లెక్కను బట్టి శబ్దం ఎక్కడ పుట్టిందో మ్యాపు మీద చుక్క పెట్టవచ్చు. వినడానికి సులువే. అయితే నేల గడ్డపార దెబ్బనూ మోస్తుంది, లారీ బ్రేకునూ మోస్తుంది, ఆ రెండింటికీ పేర్లు రాసి పంపదు.

నేను గుంటూరు జిల్లాలో లూథరన్ ఉపదేశి కొడుకుని. ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలుపెట్టను. మొదటి జియోఫోన్ గుచ్చే ముందు టోపీ తీసి తల వంచేవాణ్ణి. శ్రీనివాస్ ఊరుకునేవాడు కాదు. “అన్నా, మా ఊళ్లె బోరు వేసేముందు ఒకాయన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తడు. కాయ నిలవడితే నీళ్లున్నట్టు. నువ్వు గూడ ఒకటి తెచ్చుకోరాదు” అనేవాడు. నవ్వి ఊరుకునేవాణ్ణి. మొదట్లో మాకు దక్కిన ఫలితాలు చూస్తే కొబ్బరికాయే నయమని ఎవరైనా అంటారు.

మొదటి అనుమానాస్పద శబ్దం ఒక లాండ్రీ దుకాణంలో కాళ్లు సమంగా లేని వాషింగ్ మెషీన్‌ది. రెండోదానికి బోరే వేశాం. బోరు బిట్టు ఖాళీలోకి దిగితే డ్రిల్లు రాడ్డు ఒక్కసారిగా జారుతుంది. ఆ జారుడే సొరంగానికి గుర్తు. రాడ్డు జారింది. కెప్టెన్ గట్టిగా పిడికిలి బిగించాడు. ఆ తర్వాత వాసన వచ్చింది. అది ఎప్పుడో వదిలేసిన ఇంటి సెప్టిక్ ట్యాంకు. కెప్టెన్ తన నివేదికలో దాన్ని ద్రవంతో నిండిన కుహరం అని రాశాడు. పైఅధికారులు ఆ ద్రవం ఏమిటని అడిగారు. ఆయన నిజం చెప్పాడు. బోరు బండి ఇంకో ఊరికి వెళ్లాల్సి ఉందనీ, ఇక్కడ ఇక ఒకే ఒక్క బోరుకు అనుమతిస్తామనీ జవాబు వచ్చింది.

అటువంటి సమయంలో ఆ దబదబ చప్పుడు దొరికింది.

సరిహద్దు కంచెకు దగ్గరలో ఒక పెంతెకోస్తు సంఘం ఉండేది. ఒకప్పటి ఫర్నిచర్ షోరూమును సంఘస్థులే ఆరాధన మందిరంగా మార్చుకున్నారు. ముందు కార్లు పెట్టుకునే ఖాళీ జాగా, వెనక ఒక సందు, సందు అవతల మూతపడిన టైర్ల గిడ్డంగి. ఆ వైపు గుచ్చిన జియోఫోన్లు బుధవారం సాయంత్రం, శుక్రవారం సాయంత్రం, ఆదివారం ఉదయం మోగేవి. మిగతా వేళల్లో నిశ్శబ్దం. చుక్కలన్నీ చర్చి కిందే పడుతున్నాయి. ఆరాధన వేళల్లో డ్రమ్ములు మోగుతాయి కదా, అందులో వింతేముందని నేను అన్నాను. కానీ శ్రీనివాస్ ఆ చప్పుడును విడదీసి చూసి, డ్రమ్ము దెబ్బల మధ్య తాళానికి కుదరని ఇంకో దెబ్బ ఉందని తేల్చాడు. కెప్టెన్‌కు కథ అర్థమైపోయింది. పైన పాటలు, కింద గడ్డపారలు. పాస్టరుకు తెలిసే జరుగుతోంది.

ఆ రెండో దెబ్బకు ఇంకో వివరణ కూడా ఉండవచ్చని శ్రీనివాస్ అన్నాడు: డ్రమ్ములు వాయించేవాడికి వాయించడం రాకపోవచ్చు. అలా ఒక పెంతెకోస్తు డ్రమ్మరు తాళం తప్పుతున్నాడా లేదా అన్నది సైనిక ప్రాముఖ్యం గల ప్రశ్న అయింది.

ఈలోగా గస్తీ అధికారి వెళ్లి, మందిరం మధ్యలో బోరు వేయడానికి పాస్టరు సమ్మతి అడిగాడు. సమ్మతి లేకపోతే కోర్టు వారెంటు తేవాలి. నేను కూడా వెంట వెళ్లాను. పాస్టర్ ఎలియాస్ అరవై దాటిన మనిషి, పగలు ప్లంబింగ్ పని చేసుకుని సాయంత్రాలు వాక్యం చెప్పేవాడు. మందిరం నేలకు టైల్స్ కొత్తగా వేశారు. ప్రతి కుటుంబం ఒక్కో వరస వేసిందట. ఏ వరస ఎవరిదో చూడగానే తెలిసేది, కొన్ని వరసలు బాగా వంకర. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, దాచడానికి తన దగ్గరేమీ లేదు గనక బోరు వేసుకోండి అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు.

“సొరంగం లేదని చివరికి మీరు కాగితం ఇస్తారు. ఆ కాగితం టీవీలో రాదు. చర్చి గుమ్మంలో నిలబడ్డ బోరు బండి మాత్రం వస్తుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో ఏ తల్లీ తన పిల్లల్ని నా దగ్గరకు పంపదు.”

బోరు వచ్చే గురువారం అనుకున్నాం. ఈలోపు ఆదివారం ఆరాధనకు రమ్మని పాస్టరు నన్ను పిలిచాడు. పిలవకపోయినా వెళ్లేవాణ్ణి. ఆదివారం గుడికి వెళ్లకుండా ఉండలేను, పైగా డ్రమ్మరును వినాలి.

లూథరన్ గుడిలో పెరిగినవాడికి పెంతెకోస్తు ఆరాధన అంటే, నిదానంగా ఎడ్లబండి తోలుకునేవాణ్ణి ఎక్స్‌ప్రెస్ బస్సు స్టీరింగు ముందు కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అందరూ చప్పట్లు కొట్టారు, గంతులు వేశారు, వేదిక చెక్కలు దడదడలాడాయి. కొత్తవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలన్నారు. దేవుని మందిరంలో అబద్ధమాడలేను, ఆపరేషన్ సంగతి చెప్పకూడదు. మనిషికి కనపడని లోతుల్లో ఏం జరుగుతున్నదో వినడం నా పని అని మాత్రం చెప్పాను. మందిరం దద్దరిల్లేలా ఆమెన్ అన్నారు. ముందు వరసలో ఒఫీలియా అనే ముసలామె నా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది. ఇక డ్రమ్మరు పాస్టరు అల్లుడు. అతను తాళం తప్పుతున్నాడా అంటే, అసలు తాళాన్ని కలిసిన దాఖలా లేదు.

కెప్టెన్‌కు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా పాస్టరు డ్రమ్ములు ఆపమని సైగ చేశాడు. అది నెలలో మొదటి ఆదివారం. ప్రభు బల్ల. ఆ సంఘంలో రొట్టె, ద్రాక్షారసం అందుకునేంతసేపు ఎవరూ పాడరు, మాట్లాడరు. అందరం మోకాళ్ల మీద ఉన్నాం. గంతులు వేసిన వాళ్లే ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నారు.

ఆరాధన ముగిశాక, మా పరికరాలు పెట్టుకున్న ట్రైలరు బండికి వెళ్లాను. శ్రీనివాస్ స్క్రీను ముందు చిప్స్ తింటున్నాడు. పాటలు అయిపోయినంక ఆ మధ్యల ఏం చేసిన్రన్నా అని అడిగాడు. మౌనంగా మోకరించామని చెప్పాను. అతను నమలడం ఆపాడు.

“మోకరిస్తే గిట్లెందుకు వస్తది? ఎవడో ఆగకుండ కొడుతనే ఉన్నడు చూడు.”

నాకు విషయం అప్పుడు తట్టింది. ఆ తవ్వేవాళ్లకు చర్చి వేళలు తెలుసు, చర్చి క్రమం తెలియదు. పాస్టరుతో కుమ్మక్కైన వాళ్లయితే ప్రభు బల్ల దగ్గర డ్రమ్ములు ఆగుతాయని ఎరిగి, వాళ్లూ ఆపేవాళ్లు. వీళ్లు బయట ఎక్కడి నుంచో కార్లు నిండటం చూసి మొదలుపెడుతున్నారు, కార్లు వెళ్లిపోవడం చూసి ఆపుతున్నారు. మధ్యలో సంఘం నేల మీద మోకరించి ఉంటుందని వాళ్లలో ఒక్కడికీ తెలియదు. వాళ్లు ఒక్కసారైనా లోపలికి వచ్చి కూర్చుని ఉంటే తెలిసేది. ఆ కాస్త వ్యవధిలో పడ్డ చుక్కలు చర్చి కింద కాక వెనక సందు వైపు వాలాయి. కానీ వ్యవధి చిన్నది, చుక్కలు తక్కువ, నలువైపులా చెదిరి ఉన్నాయి.

కెప్టెన్ అంతా విన్నాడు. నేను హ్యూస్టన్‌లో తెలుగు సంఘానికి డీకన్‌నని, అంటే పరిచారకుణ్ణని, ఆయనకు తెలుసు. “డాక్, ఇది శాస్త్రవేత్త చెబుతున్న మాటా, డీకన్ చెబుతున్న మాటా?” అని అడిగాడు.

ఇద్దరి మాటా నమ్మవద్దని, పరీక్ష పెట్టమని అన్నాను. బుధవారం ఆరాధనకు కార్లు మామూలుగా రావాలి, సంఘం లోపల అరగంట నిశ్శబ్దంగా కూర్చోవాలి. చప్పుడు వస్తే అది ఎక్కడిదో తేటగా తెలుస్తుంది. కెప్టెన్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. చప్పుడు రాకపోతే గురువారం బోరు చర్చి మధ్యలోనే పడుతుంది, అక్కడే ఎందుకు వేయాల్సి వచ్చిందో సాంకేతిక నివేదిక నేనే రాయాలి. అంటే ఆ టైల్స్ మీద బోరు బండి నిలబడటానికి నా సంతకమే కారణమవుతుంది.

అరగంట నిశ్శబ్దం కావాలని పాస్టర్ ఎలియాస్‌ను అడిగాను. “సహోదరుడా, తెల్లవార్లూ ప్రార్థించమంటే నా సంఘం ప్రార్థిస్తుంది. ఎడారిలో ఉపవాసముండమంటే ఉంటుంది. నోరు మూసుకుని కూర్చోమని మాత్రం ఇంతవరకు నేను అడిగి చూడలేదు” అన్నాడు. సంఘానికి కారణం చెప్పకూడదు, అబద్ధమూ ఆడకూడదు. చివరికి, బుధవారం డ్రమ్ములు లేకుండా మౌన ప్రార్థన, కారణం తర్వాత చెబుతాను అని ప్రకటించాడు. మంగళవారానికల్లా ఆయనకు గొంతులో గడ్డ అనీ, భార్యతో మాటల్లేవనీ, చప్పుడు లేకుండా ఆరాధించే ప్రెస్బిటేరియన్లలో కలిసిపోతున్నాడనీ ఊరంతా పాకింది. మూడోదాన్నే ఎక్కువమంది నమ్మారు. ఒఫీలియా ఆయన ఇంటికి చికెన్ సూప్ తీసుకెళ్లింది.

నేలకు బూట్ల చప్పుడు తగలకుండా ఏం చేయాలన్నది ఇంకో సమస్య. మా గుంటూరు గుళ్లలో చెప్పులు బయటే విడుస్తామని చెప్పాను. పాస్టరుకు వెంటనే మండుతున్న పొద దగ్గర చెప్పులు విడిచిన మోషే గుర్తొచ్చాడు. ఇన్నేళ్లూ తనకెందుకు తట్టలేదని బాధపడ్డాడు కూడా. బుధవారం సాయంత్రం ఆ గుమ్మంలో కౌబాయ్ బూట్లు, హైహీల్సు, పిల్లల లైట్లు వెలిగే చెప్పులు వరసగా నిలబడ్డాయి. కెప్టెన్ హార్లన్ కూడా మామూలు దుస్తుల్లో వచ్చాడు. ఆరాధనకు వెళ్లడానికి సైనికుడికి వారెంటు అక్కర్లేదు. బూట్లు విప్పాక ఆయన ఎడమ మేజోడులోంచి బొటనవేలు సంఘాన్నంతా పలకరించింది.

మౌనం మొదలైంది. నేను వెనక గోడ దగ్గర ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ట్రైలరులోంచి శ్రీనివాస్ మెసేజ్ పంపాడు: ఎవరో ముందు వరసల కుడి కాలు ఆడిస్తున్నరు, ఆపమను. చూస్తే ఒఫీలియా. ఆమె పెదవులు బిగించింది, కళ్లు మూసుకుంది, చేతులు కట్టుకుంది. లోపల పట్టలేని పాటంతా మడమలోకి దిగి నేలను తడుతోంది. మునివేళ్ల మీద వెళ్లి, నా కోటు మడతపెట్టి ఆమె పాదం కింద పెట్టాను. ఆమె కళ్లు తెరిచి, తన పాదాల దగ్గర మోకరించిన పరాయి దేశస్థుణ్ణి చూసింది. ఆ చూపును బట్టి ఆమె నన్ను ఏ పరిశుద్ధుల జాబితాలో చేర్చిందో ఊహించగలను. నా తల మీద చెయ్యి పెట్టి, శబ్దం లేకుండా చాలాసేపు దీవించింది. లేవడానికి వీల్లేకపోయింది.

అలా మోకాళ్ల మీద ఉండగానే రెండో మెసేజ్ వచ్చింది. మొదలువెట్టిన్రు అని. మూడోది కొద్దిసేపటికి: సందు కిందనే, అన్నా. మంచి క్లియర్‌గ ఉన్నది. గిడ్డంగి దిక్కు పోతున్నరు.

నేను అక్కడి నుంచే ఫోను కెప్టెన్ వైపు తిప్పి పట్టుకున్నాను. ఆయనకు తెలుగు రాదు గనక, ఆ మెసేజ్‌తో పాటు శ్రీనివాస్ పంపిన మ్యాపు చూపించాను. చుక్కలన్నీ సందు మధ్యలో ఒకే గీతగా పడ్డాయి. చర్చి కింద ఒక్కటీ లేదు. కెప్టెన్ తలూపాడు. తర్వాత ఆయన కూడా, ఏం తోచిందో, తల వంచి కళ్లు మూసుకున్నాడు.

అరగంట పూర్తయిందని పాస్టరు చెయ్యి ఎత్తగానే, అంతసేపూ అణచుకున్నదంతా ఒక్క హల్లెలూయగా బయటపడింది. శ్రీనివాస్ ఇయర్‌ఫోన్లు పీకేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ తిట్లకు క్షమించమని మరునాడు అతని తరఫున నేనే ప్రార్థించాను. అది విని మళ్లీ తిట్టాడు.

గురువారం బోరు సందులో వేశాం. అది పురపాలక రహదారి గనక చర్చి గుమ్మం ముందు బండి నిలపాల్సిన పని పడలేదు. రాడ్డు జారింది. అందరం కాసేపు వాసన కోసం ఎదురుచూశాం. రాలేదు. కెమెరా దించితే చెక్క దూలాలు, గాలి పంపే ప్లాస్టిక్ గొట్టం, చక్రాలున్న తోపుడు పళ్లెం కనిపించాయి. అక్కడి నుంచి పని గస్తీ అధికారులది. వాళ్లు గిడ్డంగి మీద నిఘా పెట్టి, తర్వాత ఎవరిని పట్టుకున్నారో ఎవరు తప్పించుకున్నారో మాకు చెప్పలేదు, మేం అడగకూడదు కూడా. మా చేతికి సొరంగం తిరిగొచ్చాక కాంక్రీటు పోసి మూసేశాం. పాస్టర్ ఎలియాస్ పేరు ఏ టీవీలోనూ రాలేదు. తర్వాతి ఆదివారం ఆయన సంఘానికి కారణం చెప్పాడు. ప్రెస్బిటేరియన్ల సంగతి తేలిపోయినందుకు అందరూ దేవునికి స్తోత్రం చెల్లించారు.

కెప్టెన్ తన నివేదికలో ఆ బుధవారాన్ని స్థానికుల సహకారంతో పరిసర శబ్ద నియంత్రణ అని రాశాడు. తప్పు లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. కొత్త చోట జియోఫోన్లు గుచ్చేముందు చుట్టుపక్కల జనం ఎప్పుడు కూడుకుంటారో మాత్రమే అడిగితే చాలదని, కూడుకున్నాక ఏ క్రమంలో ఏం చేస్తారో వెళ్లి కూర్చుని చూసేవాణ్ణి. చర్చి అయినా, పాఠశాల ఆటస్థలమైనా, పశువుల సంత అయినా. చప్పుడు ఎక్కడ ఉందో పరికరం చెబుతుంది. ఏ వేళ చప్పుడు ఉండకూడదో అక్కడ కూర్చున్న మనిషికే తెలుస్తుంది. సొరంగాలు ఎక్కువగా ఆ రెండో వివరంతోనే దొరికాయి.